బరువు తగ్గే ఆపరేషన్: ముందుగా కూర్చుని లెక్క వేయవలసిన సంగతులు

ఆదివారం ఆరాధనలో సంఘకాపరి చేతికి అందే ప్రార్థన చీటీల్లో మోకాళ్ల నొప్పులుంటాయి. షుగరు ఉంటుంది. పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు లేరన్న కన్నీటి మనవి ఉంటుంది. రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోతోందన్న భయం ఉంటుంది. ఈ నాలుగింటి వెనుకా చాలాసార్లు ఉండే అధిక బరువు అన్న మాట మాత్రం ఏ చీటీ మీదా కనిపించదు. రాయడానికి సిగ్గు.

ఆ సిగ్గు వల్లే బరువు తగ్గించే ఆపరేషన్ మన ఇళ్లలో గుట్టుగా జరిగిపోతోంది. హైదరాబాద్‌లో ఏదో చిన్న ఆపరేషన్ అని చుట్టాలకు చెబుతారు. అప్పు కూడా గుట్టుగానే తెస్తారు. ఆ ఆపరేషన్ ఒక మనిషికి అవసరమా కాదా అన్నది వైద్యుడు తేల్చవలసిన సంగతి. దాని ఖర్చును, దాని తర్వాతి జీవితాన్ని ఆ కుటుంబం ఒంటరిగా మోయాలా అన్నది మాత్రం సంఘం ముందున్న ప్రశ్న.

ఇది పట్నంలో డబ్బున్నవారి గొడవ కదా అని సిద్దిపేటలో ఎవరైనా అంటే అంకెలు ఒప్పుకోవు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, పురుషుల్లో 32.3 శాతం ఉండవలసిన బరువు కన్నా ఎక్కువ ఉన్నారు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య మహిళల్లో 24, పురుషుల్లో 22.9 శాతమే. జొన్న రొట్టె, మక్క గటక తిని పొద్దంతా పొలంలో ఒళ్లు వంచిన తరం పోయింది. మూడు పూటలా తెల్లన్నం తిని, బండి మీద తిరిగి, దుకాణంలోనో ఆఫీసులోనో కుర్చీలో గడిపే తరం వచ్చింది. దుబ్బాక వైపు చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చున్నచోటు నుంచి లేవకుండా బీడీలు చుట్టే అక్కలను చూసినా తెలుస్తుంది, బరువు పెరగడానికి సంపన్నులే కానక్కరలేదని.

మన వేదికల మీద ఈ సంగతి ఎలా వినిపిస్తోంది? చాలాసార్లు హాస్యంగా. మోయాబు రాజు ఎగ్లోను లావు గురించి ప్రసంగికుడు చేతులు చాపి చూపిస్తే సంఘమంతా నవ్వుతుంది. యాజకుడైన ఏలీ వృద్ధుడు, బరువైన మనిషి అని సమూయేలు గ్రంథం చెబుతుంది గానీ, ఆయనను దేవుడు తప్పుపట్టింది ఆయన కొలతను బట్టి కాదు, కుమారులను అదుపు చేయనందుకు. ఈ తేడా మనం గమనించం. తిండిపోతుతనం పాపమని చెప్పవలసిందే. అయితే థైరాయిడ్, పీసీఓఎస్, వంశపారంపర్యం, కొన్ని మందులు, నిద్రలేమి, మనోవేదన వీటన్నిటితో పెరిగే బరువును ఆ ఒక్క పాపం ఖాతాలో వేసేస్తే, వెనుక బెంచీలో కూర్చున్న సహోదరి మళ్లీ చీటీ మీద మోకాళ్ల నొప్పులనే రాస్తుంది.

ముందు ఒక గందరగోళం తీరాలి. బరువు తగ్గించే ఆపరేషన్‌కూ, ఒంట్లో అక్కడక్కడా కొవ్వు పీల్చి తీసే లైపోసక్షన్‌కూ సంబంధం లేదు. నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్లకే చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్త తెలుగు ఇళ్లన్నిటికీ పాకింది. అప్పటి నుంచి మనవాళ్లు ఈ రెంటినీ ఒకే పేరుతో భయపడుతున్నారు. లైపోసక్షన్ ఆకృతి కోసం చేసేది, ఊబకాయానికి చికిత్స కాదు. బేరియాట్రిక్ సర్జరీ జీర్ణాశయం మీద చేసేది. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేస్తారు, మిగిలింది సన్నని గొట్టంలా ఉంటుంది. బైపాస్ అనే పద్ధతిలో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి, పేగును దారి మళ్లించి కలుపుతారు. ఆకలి తగ్గుతుంది, కొద్దిగా తింటేనే కడుపు నిండుతుంది. చాలామందికి షుగరు అదుపులోకి వస్తుంది. స్లీవ్‌లో కోసి తీసిన భాగాన్ని తిరిగి అతికించలేరు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో అందరూ కలిసి రెండుసార్లు చదవాలి.

నిపుణులున్న పెద్ద కేంద్రాల్లో దీనివల్ల ప్రాణాపాయం చాలా అరుదు, ఇతర పెద్ద కడుపు ఆపరేషన్ల కన్నా ఎక్కువేమీ కాదు. అయితే ఆ మాటలో బరువంతా ‘నిపుణులున్న పెద్ద కేంద్రాలు’ అన్నదాని మీదే ఉంది. 2024 ఏప్రిల్‌లో పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల యువకుడు చెన్నై శివారులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు వెళ్లి ప్రాణం కోల్పోయాడు. అత్యవసరం వస్తే ఆదుకునే ఐసీయూ వసతులు అక్కడ తగినంతగా లేవని తమిళనాడు ప్రభుత్వ విచారణలో తేలింది, ఆసుపత్రి అనుమతిని కొంతకాలం నిలిపివేశారు. ‘ఆఫర్’ ధర చూసి ఆసుపత్రిని ఎంచుకునేవారికి ఈ సంఘటన గుర్తుండాలి. ఏడాదికి ఎన్ని ఇలాంటి ఆపరేషన్లు చేస్తారు, రాత్రిపూట రక్తస్రావమైతే ఎవరుంటారు, కుట్ల దగ్గర లీకైతే మళ్లీ ఆపరేషన్ ఖర్చు ఎవరిది? ఈ మూడూ ముందే అడగడం అమర్యాద కాదు.

ఇక డబ్బు సంగతి. హైదరాబాద్ ప్రైవేటు ఆసుపత్రుల్లో సుమారు మూడు నుంచి ఐదు లక్షలు చెబుతున్నారు. అందులో పెద్ద భాగం డాక్టరు ఫీజు అనుకుంటారు గానీ, జీర్ణాశయాన్ని కోస్తూనే కుట్టే స్టేప్లర్లకే చాలా ఖర్చవుతుంది. ఒకసారి వాడితే పారేయవలసిన కార్ట్‌రిడ్జ్‌లు ఒక్క ఆపరేషన్‌కే నాలుగైదు పడతాయి.

ఈ ఖర్చు ఆరోగ్య బీమాలో రాదని మనలో ఎక్కువమంది అనుకుంటారు. అది సగమే నిజం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఊబకాయం ఆపరేషన్‌కు ఒక ప్రామాణిక నిబంధన ఉంది. పాలసీ పుస్తకంలో ‘ఎక్స్‌క్లూజన్ 06’ అనే చోట కనిపిస్తుంది. పేరుకు అది మినహాయింపే గానీ, దాని షరతులు తీరిన రోగికి ఆ మినహాయింపు వర్తించదు. వయసు 18 నిండాలి. వైద్యుడు సిఫారసు చేయాలి, ఆ సిఫారసు వైద్య ప్రమాణాలకు తగినట్టు ఉండాలి. బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. లేదంటే 35 దాటి ఉండి, ఆపరేషన్ లేకుండా బరువు తగ్గే ప్రయత్నాలు విఫలమై, నాలుగు తీవ్రమైన జబ్బుల్లో ఒకటి ఉండాలి: ఊబకాయం వల్ల వచ్చిన గుండె కండర జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో శ్వాస ఆగే తీవ్ర సమస్య, అదుపులోకి రాని షుగరు.

బీఎంఐ అంటే కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తును రెండుసార్లు పెట్టి భాగించగా వచ్చేది. ఐదడుగుల రెండంగుళాల సహోదరిని తీసుకుందాం. ఆమె 99 కిలోలుంటే బీఎంఐ 40కి చేరుతుంది, 87 కిలోల దగ్గర 35. అయితే మన శరీరాలు తక్కువ బరువుకే షుగరుకు లొంగుతాయి కాబట్టి, మన దేశపు సర్జన్లు చాలాకాలంగా 37.5 దాటితే ఆపరేషన్ ఆలోచించవచ్చని, షుగరు, బీపీ వంటివి ఉంటే 32.5 నుంచే అని పాటిస్తున్నారు. అదే సహోదరికి ఇవి 93, 81 కిలోలు. అంటే డాక్టరు ‘చేయవచ్చు’ అన్న చోటికీ, బీమా కంపెనీ ‘ఇస్తాం’ అనే చోటికీ మధ్య ఆరేడు కిలోల సందు ఉంది. ఆ సందులో పడ్డవారే ఆస్తులు తాకట్టు పెడుతున్నారు. ఇంకా కాస్త జబ్బు ముదిరాక రండి అన్నట్టే ఉంది ఈ లెక్క. పిల్లలు కలగని యువతుల్లో ఎంతోమందికి ఉండే పీసీఓఎస్ ఆ నాలుగు జబ్బుల జాబితాలో లేనే లేదు.

ఈ 40, 35 అంకెలు ఎక్కడివి? 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తమ ప్రజల కోసం చెప్పినవి. 2022లో అమెరికా సర్జన్ల సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఆ పాత గీతను పక్కన పెట్టాయి. ఆసియావారికి 27.5 నుంచే ఈ చికిత్సను ఆలోచించవచ్చని చెప్పాయి. అమెరికాయే వదిలేసిన కొలతను హైదరాబాద్‌లో కూర్చున్న మన నియంత్రణ సంస్థ ఇంకా పట్టుకుని ఉండటానికి కారణం కనిపించదు. దీన్ని మార్చమని అడగడం సంఘాలు చేయగల పనే. డయాసిస్ స్థాయిలో ఒక విజ్ఞాపన రాయడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

మారే దాకా ఉన్న నిబంధనతోనే నడవాలి గనుక రెండు మాటలు. మొదటిది, పాలసీ కొన్న రోజే ఆపరేషన్‌కు డబ్బు రాదు. అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల వరకు వేచి ఉండాలి. కాబట్టి నలభై ఏళ్లకు షుగరు బయటపడ్డాక కాదు, ముప్పైలో ఉండగానే పాలసీ తీసుకోవాలి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు కూడా. రెండోది, ఉన్న జబ్బు దాచి పాలసీ కొనవద్దు. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు ‘లేదు’ అని టిక్కు పెట్టిస్తాడు, క్లెయిము రోజున పాత ప్రిస్క్రిప్షన్ దొరికి మొత్తం తిరస్కరిస్తారు. అననీయ, సప్పీరాల కథ కానుకల విషయంలోనే చెప్పుకుంటాం గానీ, ప్రపోజల్ ఫారానికీ సరిపోతుంది. అన్నీ సరిగా ఉన్నా కంపెనీ నిరాకరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ముప్పై రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా ఆంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కరలేదు.

బీమా లేనివారి దారి తెలిసిందే. బంగారం, చిట్టీ, లేదంటే తెలిసినవారి దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీ. నాలుగు లక్షలకు నెలకు ఎనిమిది వేలు, ఏడాదికి 96 వేలు. నాలుగేళ్లు దాటితే అసలంత వడ్డీ అవుతుంది. లూకా పద్నాలుగో అధ్యాయంలో గోపురం కట్టదలచిన మనిషి గురించి ప్రభువు చెప్పిన ఉపమానం శిష్యత్వం గురించినదే అయినా, అందులోని లోకజ్ఞానం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పునాది వేశాక డబ్బు చాలకపోతే నవ్వులపాలు అవుతాడు. ఈ ఆపరేషన్‌లో బిల్లు కట్టడం పునాది మాత్రమే. ఆ తర్వాత మొదటి ఏడాది ప్రోటీన్ పొడి, మూణ్నెల్లకో ఆర్నెల్లకో రక్తపరీక్షలు ఉంటాయి. బీ12, ఐరన్, కాల్షియం, విటమిన్ డీ బతికినంత కాలం వాడాలి. వాడకపోతే రక్తహీనత, నరాల తిమ్మిర్లు, ఎముకల బలహీనత వస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తే పని చేయకూడదు. రోజు కూలి మీద బతికేవారికి అది ఖర్చు కింద రాయవలసిన సంగతి. బరువు బాగా తగ్గాక వేలాడే చర్మం తీయించుకోవాలంటే అది సౌందర్య చికిత్స కింద పడుతుంది, బీమా రాదు. ఒక్క ఊరట ఉంది: 2023 అక్టోబరు నుంచి సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలు నడుస్తోంది. పరీక్షలకు వెళ్లిన ప్రతిసారీ కారు మాట్లాడుకోనక్కరలేదు.

ఆపరేషన్ ఎందుకు, సూది మందు వచ్చిందిగా అనేవారు పెరిగారు. నిజమే, 2025 మార్చిలో మౌంజారో మన దేశంలోకి వచ్చింది. అప్పుడు ప్రకటించిన ధరతో వారానికో సూది చొప్పున నెలకు 14 వేల నుంచి 17,500 రూపాయలు, ఏడాదికి లక్షా 68 వేల నుంచి రెండు లక్షల పదివేలు. మానేస్తే చాలామందికి తగ్గిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. సెమాగ్లూటైడ్ అనే మరో మందు పేటెంటుకు మన దేశంలో 2026 మార్చి గడువు కావడంతో చౌక రకాలకు దారి ఏర్పడింది. కొందరికి ఆ మందే చాలవచ్చు. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు మాత్రం కాదది.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ ఆపరేషన్ అసాధ్యం కాదు. 2023 జనవరిలో ఉస్మానియా జనరల్ ఆసుపత్రి వైద్యులు 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ విజయవంతంగా చేశారన్న వార్త అందరం చదివాం. అప్పటి ఆరోగ్యశాఖ మంత్రి హరీశ్‌రావు సిద్దిపేట శాసనసభ్యుడే. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. ఊబకాయానికి వారానికి ఒక్కరోజు ప్రత్యేక ఓపీ, ఒక ఆహార నిపుణురాలు, ఒక మానసిక వైద్యుడు అక్కడే దొరికితే సగం ప్రయాణాలు తగ్గుతాయి. ఆపరేషన్ ఉస్మానియాలో జరగనివ్వండి, ముందూ వెనుకా చూసుకోవడం ఇక్కడ జరగవచ్చు కదా. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని పది లక్షలకు పెంచారు. అయితే ఆ పరిమితి జాబితాలో ఉన్న చికిత్సలకే. కార్డు చేతిలో ఉంది కదా అని చేరిపోకుండా ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ ముందే అడిగి తెలుసుకోవాలి. ముఖ్యమంత్రి సహాయనిధి ఉంటుంది గానీ, బిల్లు మొత్తం వస్తుందని నమ్ముకుని వడ్డీకి తేవడం ప్రమాదం.

సిద్ధపడటం అంటే డబ్బు ఒక్కటే కాదు. మంచి సర్జన్ రెండు మూడు నెలల సమయం అడుగుతాడు. తొందరపెట్టే ఆసుపత్రిని అనుమానించాలి. ఎండోస్కోపీ, గుండె పరీక్ష, థైరాయిడ్, నిద్ర పరీక్ష, మానసిక నిపుణుడితో మాటలు, ఆపరేషన్‌కు ముందు కాలేయం వాపు తగ్గడానికి రెండు వారాల తక్కువ కేలరీల ఆహారం. సిగరెట్టు, బీడీ కనీసం ఆరు వారాల ముందే మానాలి. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర గర్భం వాయిదా వేయాలి. పిల్లల కోసమే చేయించుకుంటున్న దంపతులు, వారికన్నా ముఖ్యంగా అత్తగార్లు, ఈ మాట ముందే వినాలి. అన్నిటికన్నా ముందు ఒక ఫైలు తెరవాలి. ఆహార నిపుణురాలు రాసిన చీటీలు, నెలనెలా బరువు, వాడిన మందులు తేదీలతో అందులో ఉండాలి. ‘ఇతర ప్రయత్నాలు విఫలమయ్యాయి’ అన్న షరతుకు బీమా కంపెనీ అడిగే రుజువు అదే.

సంఘం దగ్గరికి వద్దాం. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కరువు రోజుల్లో పనీ కూడూ ఇచ్చి కట్టినదని మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 2016 దాకా మనం ఆ జిల్లావాళ్లమే. ఆకలితో ఉన్నవారికి పెట్టడం మన సంఘానికి రక్తంలో ఉంది. అందుకే ప్రేమవిందులో వద్దన్నా ఇంకో గరిటె బిర్యానీ వేస్తాం, తినకపోతే అలుగుతాం. ఈ ఆపరేషన్ అయినవారు ఒక్కసారికి చిన్న కప్పుడు కన్నా తినలేరు. బలవంతం చేస్తే వాంతి అవుతుంది. వడ్డించే యువకులకు పెద్దలు ఈ మాట నేర్పాలి. ‘అమ్మా, చాలా చిక్కిపోయావే, ఏమైంది?’ అని గేటు దగ్గర అడగడమూ మానాలి.

ఉపవాస ప్రార్థనలు ఇంకా గట్టి సంగతి. ఇరవై ఒక్క రోజులు, నలభై రోజులు అని ప్రకటించేటప్పుడు, ఈ ఆపరేషన్ అయినవారు, షుగరు మందులు వాడేవారు ఆహారం మానకూడదని కాపరి మైకులోనే చెప్పాలి. వారికి రోజుకు అరవై నుంచి ఎనభై గ్రాముల ప్రోటీన్, గుటకగుటకగా నీళ్లు తప్పనిసరి. గంటల తరబడి నీళ్లు కూడా తాగకుండా ఉంటే కొద్ది రోజుల్లోనే ఆసుపత్రిలో చేరవలసి వస్తుంది. చెప్పకపోతే వారు మానరు, మనవాళ్ల భక్తి అలాంటిది. మందులు ఆపి సాక్ష్యం చెప్పమని ఎవరైనా ప్రోత్సహిస్తే అక్కడే ఆపవలసిన బాధ్యత పెద్దలది. కడుపు జబ్బుతో ఉన్న తిమోతికి పౌలు ఏం సలహా ఇచ్చాడో మొదటి పత్రిక అయిదో అధ్యాయంలో చూడవచ్చు.

కొన్ని సంఘాల్లో వైద్య సహాయ నిధి ఉంది. ఎక్కువగా అది గుండె ఆపరేషన్‌కో ప్రమాదానికో వెళుతుంది, బరువు ఆపరేషన్ పేరు చెబితే కమిటీలో పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మొత్తం బిల్లు కట్టనక్కరలేదు. అర్హతగల రెండో వైద్యుడి అభిప్రాయానికి అయ్యే ఫీజు, మొదటి ఏడాది విటమిన్లు, రక్తపరీక్షల ఖర్చు నిధి నుంచి ఇస్తే చాలు. డబ్బు చాలక మనవాళ్లు ముందుగా ఆపేసేవి అవే. పాలసీ కాగితాలు చదివి అర్థం చేసుకోగల ఉపాధ్యాయుడో బ్యాంకు ఉద్యోగో ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. నెలలో ఒక ఆదివారం ఆరాధన తర్వాత అరగంట బల్ల వేసుకుని కూర్చోమని అడిగితే కాదనరు. చీటీ మీద రాయలేనిది అక్కడ నెమ్మదిగా చెప్పుకుంటారు.